పట్టికను నిలువుగా చదవండి

పరకాలలో మాది మోటారు వైండింగ్ షాపు, కాలిపోయిన మోటార్లకు తీగ మళ్లీ చుట్టి ఇస్తాం. గోడ అరలో ఇప్పుడు పదకొండు పుస్తకాలున్నాయి. ఇన్నేళ్లలో కొన్నవి ముప్పై దాటే ఉంటాయి. మిగతావి పాత పేపర్ల బండికి పోయాయి, ఒకదాన్ని మాత్రం నేనే పొయ్యిలో పెట్టాను. పనికొచ్చే పుస్తకం కొనేముందు ఏమేం చూసుకోవాలో చెప్తాను, ముందు దాని సంగతి.

షాపు పెట్టిన కొత్తలో హనుమకొండ చౌరస్తా దగ్గర 180 రూపాయలు పెట్టి ఒక వైండింగ్ పుస్తకం కొన్నాను. లోపల హెచ్‌పీ (మోటారు శక్తి) వారీగా టర్నులు, అంటే ఎన్ని చుట్లు చుట్టాలో, వైరు గేజ్, అంటే ఎంత లావు వైరో చెప్పే పట్టికలు చూసి మురిసిపోయాను. నెల తిరక్కుండానే ఒక రైతు 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు తెచ్చాడు. టర్నులు లెక్కపెట్టడానికి కూడా వీల్లేకుండా కాయిళ్లు మాడిపోయి ఉన్నాయి. సరే, పుస్తకం ఉంది కదా అని అందులో చూసి చుట్టేశాను. లోడు లేకుండా తిప్పితేనే కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఏడు ఆంపియర్లు చూపించింది. 5 హెచ్‌పీ మోటారుకు నిండు లోడు మీద ఉండాల్సిన కరెంటే ఏడెనిమిది. టర్నులు తక్కువ పడితే జరిగేది ఇదే, ఉత్తినే తిరుగుతూ కూడా కరెంటు తాగుతుంది, వేడెక్కుతుంది. రెండు రోజుల పని, రాగి వైరు, వార్నిష్ అన్నీ నా నెత్తినే పడ్డాయి.

రాత్రి కూర్చుని పట్టిక మళ్లీ చూస్తే, 5 హెచ్‌పీ ఎదురుగానూ 7.5 హెచ్‌పీ ఎదురుగానూ ఒకే టర్నులు, ఒకే గేజ్. ముద్రణలో పెద్ద మోటారు లెక్క చిన్నదాని వరుసలోకి కూడా ఎక్కింది. కొనేటప్పుడు అర నిమిషం చూసి ఉంటే దొరికిపోయేది.

అప్పటి నుంచి పట్టికలున్న పుస్తకం ఏదైనా నిలువుగా చదువుతాను. అడ్డంగా చదివితే ప్రతి వరుసా నిజమే అనిపిస్తుంది. పైనుంచి కిందికి వస్తేనే తప్పు బయటపడుతుంది. ఒకే రకం మోటార్లలో హెచ్‌పీ పెరిగేకొద్దీ మామూలుగా టర్నులు తగ్గుతాయి, వైరు లావవుతుంది. వైరు లావు చెప్పే ఎస్‌డబ్ల్యూజీ గేజ్‌లో అంకె తగ్గితే వైరు లావని గుర్తుంచుకోండి. 22 గేజ్ 0.71 మిల్లీమీటర్లయితే 18 గేజ్ 1.22. ఒక వరుస ఎదురు తిరిగినా, రెండు వరుసలు కవలల్లా ఉన్నా అక్కడ వేలు పెట్టి ఆగండి. దానికి పుస్తకంలో కారణం రాసి ఉంటే సరే, లేకపోతే షాపతనికి తిరిగిచ్చేయండి.

రెండో పని, మీకు బాగా తెలిసిన విషయం ఉన్న పేజీ తెరవడం. తెలియనిది నేర్చుకోవడానికే కదా పుస్తకం అంటారు. నిజమే, కానీ తెలియని చోట పుస్తకం రాసినాయన తప్పు రాసినా మనం పట్టుకోలేం. నేనైతే ముందు సబ్‌మెర్సిబుల్, అంటే బోరు నీళ్లలో మునిగి తిరిగే మోటారు, దగ్గరికి పోతాను. మా దిక్కు బోర్లు ఎక్కువ. నీళ్లు నింపే బోరు మోటారుకు ప్లాస్టిక్ పూత ఉన్న పాలీ వైరు చుడతాం, దానికి వార్నిష్‌తో పని లేదు. ఈ ముక్క లేకుండా అన్ని మోటార్లకూ ఎనామిల్ పూత వైరు, వార్నిష్ అని రాసుకుంటూ పోయాడంటే ఆయన బోరు మోటారు విప్పి చూడలేదన్నమాట.

మా బామ్మర్ది పత్తి, మిర్చి వేస్తాడు. ఒకసారి బస్టాండులో కొన్న సాగు పుస్తకం తెచ్చి, "బావా, మంచిదేనా?" అన్నాడు. అట్ట మీద కొత్త సంవత్సరం, లోపల పత్తిలో కాయతొలుచు పురుగుకు ఎండోసల్ఫాన్. సుప్రీంకోర్టు 2011లోనే ఆపించిన మందు అది. యూరియా బస్తా 50 కిలోలని రాసి ఉంది. 2018 నుంచి వస్తున్నది 45 కిలోల బస్తా. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి పాత బస్తాలో 23 కిలోలుంటే ఇప్పటిదాంట్లో ఇరవై ఒకటి కూడా నిండదు. ఎకరానికి ఇన్ని బస్తాలని పాత లెక్క చెప్పే పుస్తకం నమ్ముకుంటే ప్రతి బస్తాకూ రెండు కిలోల పైన తగ్గుతుంది. మిర్చి భాగంలో 2021లో తోటల మీద పడ్డ నల్ల తామర పురుగు ఊసే లేదు. "అట్ట ఒక్కటే కొత్తదిరా" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు గానీ, తర్వాత జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వేసే వ్యవసాయ పంచాంగం కొనుక్కున్నాడు. అది ఏటా వస్తుంది. పోయినేడుది సగం ధరకు ఇస్తామన్నా వద్దనమన్నాను.

గ్రూప్స్ రాసే మా పెద్దోడి పుస్తకాలకు ఇంకా తేలిక పరీక్ష ఉంది, జిల్లాల పేజీ. తెలంగాణలో 2016లో 31 జిల్లాలయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33. మా పరకాల 2021 దాకా వరంగల్ రూరల్, ఇప్పుడు హనుమకొండ జిల్లా. ఇంకా 'వరంగల్ అర్బన్' అని ఉంటే మిగతా పేజీలు తిప్పడం దండగ. రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా 2021లోనే, అదీ చూడొచ్చు.

వెల, ప్రతులు అచ్చు వేసే పేజీ కూడా చదవండి. పునర్ముద్రణ అంటే పాత తప్పులతో సహా మళ్లీ అచ్చు వేసినట్టే లెక్క. సవరించిన ముద్రణ అని ఉండి, ఏం సవరించారో ముందుమాటలో నాలుగు ముక్కలు చెబితే కొంత నమ్మొచ్చు. ఐఎస్‌బీఎన్ అనే పుస్తకం గుర్తింపు నంబరులో పది అంకెలే ఉంటే అది 2007కు ముందు ఇచ్చిన నంబరు.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. పుస్తకాన్ని బల్ల మీద తెరిచి చేయి తీసేయండి. దానంతట అదే మూసుకుపోతే పని చేసుకునేవాడికి పనికిరాదు. రెండు చేతులకూ వార్నిష్ ఉన్నప్పుడు పేజీ ఎవరు పట్టుకుంటారు? కుట్టు బైండింగ్ అయితే తెరిచిన చోట ఉంటుంది. గమ్ముతో అతికించినవి ఏడాదికే పేజీలు రాలుస్తాయి. నా దగ్గర మంచి పుస్తకమే ఒకటి రబ్బరు బ్యాండుతో బతుకుతోంది.

ధర మూడు వందలు దాటితే మాత్రం నేను వెంటనే కొనను. హనుమకొండ వెళ్లినప్పుడు గ్రంథాలయంలో అది గానీ, అలాంటిది గానీ ఉందేమో చూస్తాను. 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉన్న ఊరది, పుస్తకానికి కరువు లేదు. పదిహేను రోజుల్లో పని మధ్యలో ఒకే పుస్తకం మూడుసార్లు గుర్తొస్తే అప్పుడు కొంటాను.

పొయ్యిలో పెట్టిన పుస్తకంలోంచి ఒక్క పేజీ చింపి ఉంచాను, ఆ పట్టిక ఉన్నది. షాపు గోడకు అంటించి ఉంది. కొత్తగా పనికి చేరిన పోరగాళ్లకు మొదటి రోజు అది చూపించి, తప్పెక్కడుందో కనిపెట్టమంటాను. ఇప్పటిదాకా ఇద్దరే పట్టుకున్నారు. ఒకడు టెన్త్ ఫెయిలు.