కాలి పాఠాలు – 4: ఎడమకాలికి వదలడం నేర్పుదాం

డ్రమ్స్ కిట్‌లో నేల మీద ఉండే పెద్ద డ్రమ్‌ని (బాస్ డ్రమ్, కిక్ అనీ అంటారు) కాలితో కొట్టే పాఠాలివి. ఇప్పటిదాకా మూడు వారాలు ఒక్క పెడల్ మీదే గడిపాం. స్టూల్ ఎత్తు, మడమ ఆనించి కొట్టడం, మడమ లేపి కొట్టడం, ఒక్క కాలితో జంట దెబ్బలు. అవన్నీ కుడికాలి పాఠాలు. ఈ వారం డబుల్ పెడల్, అంటే ఒకే డ్రమ్‌ని రెండు కాళ్ళతో కొట్టే జంట పెడల్, బిగిద్దాం. అయితే పోయిన వారం ఇచ్చిన జంట దెబ్బలు క్లిక్ 80 (మెట్రోనోమ్‌లో నిమిషానికి 80 టిక్కులు) మీద రెండు నిమిషాలు ఆగకుండా రాకపోతే మాత్రం ఇంకో వారం అక్కడే ఉండండి. ఎవరూ తరమడం లేదు.

గాజువాక నుంచి నా దగ్గరికి ఓ కుర్రాడు వస్తాడు. చర్చిలో ఆదివారం వాయిస్తాడు, పెళ్ళి రిసెప్షన్లకీ వెళ్తాడు. చేతులు శుభ్రంగా ఉంటాయి, కుడికాలూ బాగానే ఉంది. డబుల్ పెడల్ కొన్న నెలకి వచ్చి కూర్చుని, "మాస్టారూ, ఎడమకాలు చచ్చుగా ఉందండి. కాలికి బరువులు కట్టుకుని సాధన చేస్తున్నా, అయినా రావట్లేదు" అన్నాడు. బరువులు విప్పమన్నాను. ఫోన్‌ని నేల మీద పెడల్ పక్కనే నిలబెట్టి, స్లో మోషన్‌లో వీడియో తీశాను. ముందు కుడి, తర్వాత ఎడమ, ఒక్కోటి పది దెబ్బలు.

వీడియోలో ఏం కనబడిందంటే, కుడి బీటర్ (పెడల్‌కి ఉండే సుత్తి) హెడ్‌ని (డ్రమ్ పొరని) తాకి, వెంటనే జానెడు వెనక్కి వచ్చి ఆగుతోంది. పాదం కూడా దానితోపాటే కొద్దిగా లేస్తోంది. ఎడమ బీటర్ మాత్రం హెడ్‌ని తాకి అక్కడే అతుక్కుపోయింది. పాదం దాని మీద బరువంతా వేసి కూర్చుంది. తర్వాతి దెబ్బ వేళ అయ్యాక హడావిడిగా లేచి, మళ్ళీ పడింది. కుడికాలు ఒక పని చేసే సమయంలో ఎడమకాలు రెండు పనులు చేస్తోంది. క్లిక్ 60లో ఇది వినబడదు. 110 దాటితే కాలు బిగుసుకుపోతుంది. బరువులు కడితే ఆ కూర్చోవడం ఇంకా గట్టిపడుతుంది, అంతే.

అది బలహీనతేం కాదు. ఎడమకాలికి మనం ఇన్నేళ్ళూ నేర్పింది వేరే పని. హైహ్యాట్, అంటే జంట తాళం ప్లేట్ల పెడల్ మీద దాని ఉద్యోగం నొక్కి పట్టుకోవడం. ప్లేట్లు రెండూ మూసి ఉంచడమే దాని గొప్ప. కారు నడిపేవాళ్ళకైతే క్లచ్ కూడా అంతే, పూర్తిగా తొక్కి, మెల్లగా వదలాలి. కిక్ పెడల్‌కి కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కొట్టీ కొట్టగానే వదిలేయాలి. పాత కుట్టుమిషన్ తొక్కే దర్జీ పాదం ఎప్పుడైనా గమనించారా? పలక కిందికి పోతే పాదం పోతుంది, పలక పైకొస్తే పాదం వస్తుంది. పలకని వదిలి పాదం ఎగరదు, పలక పైకొస్తానంటే అడ్డుకోదు. ఈ వారం ఎడమకాలికి నేర్పబోయేది ఇదొక్కటే.

ముందు పెడల్ బిగింపు చూద్దాం. ఇక్కడ తొందరపడితే తర్వాత నెల రోజులు తప్పు కాలిది అనుకుంటాం.

డబుల్ పెడల్‌లో కుడివైపుది అసలు పెడల్. డ్రమ్ అంచుని పట్టుకునేది అదే. బీటర్లు రెండూ దాని మీదే ఉంటాయి. ఎడమ పెడల్ హైహ్యాట్ పక్కన కూర్చుని, ఒక షాఫ్ట్ (కడ్డీ) ద్వారా రెండో బీటర్‌ని తిప్పుతుంది. ఆ షాఫ్ట్‌కి రెండు చివర్లా కీళ్ళు ఉంటాయి. ప్రతి కీలు దగ్గరా కాస్త రాపిడి, కాస్త లూజు. అందుకే ఎంత ఖరీదైన పెడల్ అయినా ఎడమది కాలికి ఓ పిసరు బరువుగానే తెలుస్తుంది. షాఫ్ట్‌ని ఎంత తిన్నగా పెట్టగలిగితే అంత మేలు. కీళ్ళు బాగా వంగేలా పెడితే అదే కాలికి రెట్టింపు పని.

ఓ చిన్న పరీక్ష చెబుతాను. పెడల్‌ని డ్రమ్‌కి బిగించకముందు చదునైన నేల మీద పెట్టి, కుడి బీటర్‌ని వేలితో ముందుకి లాగి వదిలేయండి. ఆగేలోపు ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. తర్వాత ఎడమ బీటర్. ఎడమది కొంచెం తక్కువ ఊగుతుంది, అది సహజం. సగానికి సగం తగ్గితే మాత్రం షాఫ్ట్ వంకర అయినా ఉండాలి, కీళ్ళలో తుప్పు అయినా ఉండాలి. అవి సరిచేశాక ఎడమ స్ప్రింగ్‌ని కుడిదానికంటే ఒకటి రెండు చుట్లు బిగించండి. అంతకు మించి వద్దు. స్ప్రింగ్ బిగిస్తే వేగం వస్తుందనేది మన ఊళ్ళో అందరూ అనే మాటే కానీ, మరీ బిగిస్తే ప్రతి దెబ్బకీ స్ప్రింగ్‌తో కుస్తీ పట్టాలి.

తుప్పు అన్నాను కదా. మన విశాఖలో బీచ్ రోడ్, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్ళకి ఇది రోజూ ఉండే గొడవే. ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, చైను, స్ప్రింగు ఎంత! వాయించడం అయ్యాక పొడిగుడ్డతో తుడవండి. నెలకోసారి కీళ్ళలో కుట్టుమిషన్ నూనె ఒక్కొక్క చుక్క వేయండి. కొబ్బరినూనె వద్దు. అది జిడ్డు పట్టి దుమ్ముని పోగుచేస్తుంది, పైగా డిసెంబరు చలికి పేరుకుంటుంది. ఒకాయన వేసి, క్రిస్మస్ ప్రోగ్రాం పొద్దున "పెడల్ పట్టేసింది మాస్టారూ" అని ఫోన్ చేశాడు.

కూర్చోవడం గురించి మొదటి పాఠంలో చెప్పాను కానీ, ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక్క పెడల్ వాయించేటప్పుడు ఎడమ మడమ ఎక్కడో నేలకి ఆని మనల్ని నిలబెట్టేది. రెండు మడమలూ లేస్తే ఆ ఊత ఉండదు. ఒళ్ళు ముందుకి వాలుతుంది, తొడలు బిగుస్తాయి, నడుము పట్టేస్తుంది. రెండు పాదాలూ ఒకేసారి పెడళ్ళ మీంచి అంగుళం పైకి లేపి, ఐదు లెక్కపెట్టి చూడండి. ఈలోపు ముందుకి తూలితే స్టూల్ ఒక అంగుళం పెంచి, కాస్త వెనక్కి కూర్చోండి. ప్లాస్టిక్ కుర్చీ మీద ఈ పాఠం చేయకండి, అది ప్రతి దెబ్బకీ ఊగుతుంది.

ఇక సాధన. మొదటి రోజే ఆ కుర్రాడికి తీసినట్టు మీ ఎడమకాలిని స్లో మోషన్‌లో వీడియో తీసి ఉంచుకోండి. మొదటి రెండు రోజులు కుడి పెడల్ జోలికి పోవద్దు. ఎడమ మడమ పలకకి ఆనించి, క్లిక్ 60 మీద క్లిక్‌కి ఒక దెబ్బ. చూపు బీటర్ మీద. కొట్టగానే అది వెనక్కి రావాలి, వచ్చి తన చోట ఆగాలి. మీరు లేపడం లేదు, స్ప్రింగ్ లేపుతోంది, పాదం తోడు వెళ్తోంది. ఇది అర్థం కావడానికి కొందరికి పది నిమిషాలు పడుతుంది, కొందరికి మూడు రోజులు. నాకైతే వారం పట్టింది, ఎందుకంటే అప్పుడు చెప్పేవాళ్ళు లేరు, నేనూ బలం లేదనే అనుకున్నాను. మోకాలి కింద ముందువైపు కండ మంటగా అనిపిస్తే అది అలవాటు లేని కండ పని చేస్తున్నట్టు. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ మొదలెట్టండి. ఎముక మీద సూదిలా పొడిస్తే మాత్రం ఆ పూటకి ఆపేయండి. నేను మొండికేసి గంటన్నర లాగించి, పది రోజులు మెట్లు దిగలేకపోయాను.

మూడో రోజు నుంచి రెండు కాళ్ళూ. మొదట అందరూ చేసే కుడి-ఎడమ, కుడి-ఎడమ కాదు. రెండు పాదాలతో ఒకేసారి కొట్టండి. క్లిక్ 60, క్లిక్‌కి ఒకటి. రెండు బీటర్లూ ఒకే క్షణంలో తాకితే "ధబ్" అని ఒకటే మోత. తేడా ఉంటే "ధడబ్" అని చీలుతుంది. ఎవరు ఆలస్యమో చెవి వెంటనే పట్టేస్తుంది. దీనికి మించిన గురువు లేడు. పది దెబ్బల్లో ఎనిమిది "ధబ్" వచ్చేదాకా ముందుకి వెళ్ళొద్దు.

తర్వాత మార్చి మార్చి కొట్టడం. ఇక్కడ మన మృదంగం వాళ్ళ లెక్క బాగా పనికొస్తుంది, నోటితో చెబుతూ కొట్టండి. క్లిక్ 60 మీద క్లిక్‌కి రెండు దెబ్బలు, "తక తక". కుడి త, ఎడమ క. అదే క్లిక్ మీద నాలుగు, "తకధిమి". ఈ రెంటిలోనూ క్లిక్ మీద పడేది ఎప్పుడూ కుడికాలే. ఎడమకాలు సందుల్లో దాక్కుంటుంది, ఎంత పేలవంగా పడినా కుడి దెబ్బ కప్పేస్తుంది. చాలామంది ఏళ్ళ తరబడి ఇలాగే గడిపేస్తారు.

అందుకని అసలు సాధన "తకిట". క్లిక్‌కి మూడు దెబ్బలు, కాళ్ళు మాత్రం మార్చి మార్చి. మొదటి తకిటలో కుడి, ఎడమ, కుడి. రెండో తకిటలో ఎడమ, కుడి, ఎడమ. చూశారా, రెండో క్లిక్ మీద "త" ఎడమకాలిది అయింది. ఇంక దాక్కోవడానికి చోటు లేదు. ప్రతి "త"నీ కాస్త గట్టిగా వేయండి. కుడి "త", ఎడమ "త" ఒకే బరువుతో వినబడాలి. మొదట్లో ఎడమ "త" దగ్గర తాళం కుంటుతుంది. కుంటితే క్లిక్ 50కి దించండి, నోరు మాత్రం ఆపకండి. నోటికి రానిది కాలికి రాదు.

తకిట కుదిరాక ఖండం, "తకతకిట", ఐదు దెబ్బలు. దానికి క్లిక్ 40 చాలు. ఐదు కూడా బేసి సంఖ్యే కాబట్టి ప్రతిసారీ మొదటి కాలు మారుతుంది. ఏడు వద్దు, ఈ వారానికి అది అత్యాశ.

లెక్క కోసం ఒక మాట. క్లిక్ 60 మీద తకధిమి అంటే సెకనుకి నాలుగు దెబ్బలు, ఒక్కో కాలికి రెండు. క్లిక్ 120 అయితే ఒక్కో కాలికి సెకనుకి నాలుగు. మెటల్ వాయించేవాళ్ళు 200 దగ్గర ఇదే కొడతారు, అంటే ఒక్కో కాలు సెకనుకి ఆరున్నర పైనే. ఆ వేగంలో తొడ లేవదు, పని చీలమండ చేస్తుంది. ఆ పాఠం వేరే. ఇప్పుడు మీరు 100 దాటాల్సిన అవసరం లేదు.

రెండు బాస్ డ్రమ్ముల ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో లూయీ బెల్సన్ అనే కుర్రాడు 1930ల చివర్లో స్కూల్లో ఉండగానే అలాంటి కిట్ బొమ్మ గీసుకుని, తర్వాత దాంతోనే పేరు తెచ్చుకున్నాడు. డబుల్ పెడల్ పుణ్యమా అని మనకి రెండో డ్రమ్ అక్కర్లేదు. జగదాంబ నుంచి భీమిలికి ఒక్క బాస్ డ్రమ్‌నే ఆటోలో ఎక్కించలేక చస్తుంటే, రెండా!

నా మొదటి డబుల్ పెడల్ సెకండ్ హ్యాండ్‌ది. అమ్మినతను బాగుందన్నాడు, నేనూ చూసుకోలేదు. షాఫ్ట్ స్క్రూ మర అరిగిపోయి ఉంది. ఒక రిసెప్షన్‌లో మూడో పాట మధ్యలో ఎడమ పెడల్ తొక్కుతున్నాను, మోత లేదు. కాలు ఆగిందేమో అనుకుని ఇంకా గట్టిగా తొక్కాను. కిందికి చూస్తే షాఫ్ట్ ఊడి పక్కన పడుకుని ఉంది. కీబోర్డ్ అన్న నా వైపు చూసి నవ్వడం ఇప్పటికీ గుర్తే. అప్పటినుంచి డ్రమ్ కీ (స్క్రూలు బిగించే తాళంచెవి) జేబులోనే ఉంటుంది. ప్రోగ్రాంకి ముందు షాఫ్ట్ స్క్రూలన్నీ ఓసారి బిగించుకోండి.

ఇంకో సంగతి, కింద ఇంటివాళ్ళు. కిక్ మోత గాల్లోంచి కంటే నేలలోంచే ఎక్కువ దిగుతుంది. డ్రమ్‌లో దిండు కుక్కినా లాభం ఉండదు. మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో కింద ఇంటి పెద్దావిడ ఓ రాత్రి పైకొచ్చి, "ఏటి బాబూ, పసుపు దంచుతున్నారేటి ఈ వేళప్పుడు?" అంది. పాత పరుపు మీద ప్లైవుడ్ చెక్క, దాని మీద కొబ్బరిపీచు చాప, ఆ పైన ప్రాక్టీస్ ప్యాడ్ పెట్టాక ఆవిడ మళ్ళీ రాలేదు. అయినా తొమ్మిదికి ఆపేస్తాను.

ఈ వారం రోజుకి ఇరవై ఐదు నిమిషాలు చాలు. మూడో రోజు నుంచి ఐదు నిమిషాలు ఎడమకాలు ఒక్కటీ, ఐదు నిమిషాలు "ధబ్", పది నిమిషాలు తకిట. మిగతా ఐదు నిమిషాలు మీకిష్టమైన ఏ పాటైనా పెట్టుకుని, కిక్ మొత్తం ఎడమకాలితోనే వాయించండి. హైహ్యాట్ తెరుచుకుపోతుందని కంగారు పడకండి, ఆ పాటకి రైడ్ (పెద్ద ఒంటి ప్లేట్) మీద వాయించుకోండి. ఆదివారం నాడు నేల మీద ఫోన్ పెట్టి, ఎడమకాలిని మళ్ళీ స్లో మోషన్‌లో తీయండి. మొదటి రోజు వీడియో చెరిపేయకండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. బీటర్ ఇంకా హెడ్‌కి అతుక్కుని కనబడితే వచ్చే వారం చీలమండ పాఠం తెరవకుండా, ఈ మొదటి రెండు రోజుల పనే మళ్ళీ చేయండి.