సొంత నవల రాస్తూనే కొత్త నవలలు చదవడం, పదిమందికి చెప్పడం ఎలా?

నవల మొదలుపెట్టగానే చాలామంది చదవడం ఆపేస్తారు. పక్కవాళ్ళ గొంతు తమ రాతలోకి వచ్చేస్తుందని భయం. ఆ భయం నిజమే, వస్తుంది. కానీ ఏడాదో రెండేళ్ళో పట్టే పని కోసం చదువు పూర్తిగా మానేస్తే తోటివాళ్ళు ఏం రాస్తున్నారో తెలియదు, చేతిలో మాటలూ తరిగిపోతాయి. రాతకీ చదువుకీ మధ్య కాస్త ఎడం ఉంచుకుంటే చాలు.

ముందు వేళలు విడదీయండి. పొద్దున రాసేవాళ్ళు రాత్రి చదవాలి, రాత్రి రాసేవాళ్ళు మధ్యాహ్నం చదవాలి. రాయడానికి కూర్చునే ముందు గంటలో మాత్రం ఇంకొకరి కథ ముట్టుకోవద్దు. మనకి ముందుగా అంటుకునేది కథ కాదు, వాక్యం నడక. శ్రీకాకుళం యాసలో సాగే నవల చదివిన వెంటనే రాయడానికి కూర్చుంటే, "ఏందిరా" అనాల్సిన మీ గుంటూరు రైతు "ఏటిరా" అంటాడు. రాస్తున్నప్పుడు తెలియదు. మర్నాడు ఆ పేజీలు పైకి చదివితే చెవికి తగులుతుంది. అలాంటి మాటల కింద గీత గీయండి. పేజీకి మూడు దాటితే, రాస్తున్న అధ్యాయం పూర్తయ్యేదాకా ఆ పుస్తకం పక్కన పెట్టేయండి.

ఒకసారికి ఒక్క నవలే. రోజుకి 25 పేజీలు చదివితే 200 పేజీల పుస్తకం 8 రోజుల్లో అయిపోతుంది. మీ నవలలో కష్టమైన ఘట్టం నడుస్తుంటే ఆ వారం కథలతో సరిపెట్టుకోండి.

మీరు రాస్తున్న విషయం మీదే కొత్త నవల వస్తే, కొని దాచండి కానీ తెరవకండి. మొదటి ప్రతి పూర్తికాకముందే చదివితే అందులోది తెలియకుండా తీసుకోవడమో, ఎవరో రాసేశారని మీ దగ్గరున్న మంచి ఘట్టాన్ని కొట్టేయడమో జరుగుతుంది. రెండోదే ఎక్కువ నష్టం. మొదటి ప్రతి చేతికొచ్చాక, తిరగరాయడానికి ముందు చదవండి. అప్పటికి మీ దారి మీకు ఖాయమై ఉంటుంది.

చదివేటప్పుడు ముందుమాటలు చివరికి వదిలేయండి. తెలుగు నవలకి రెండు మూడు ముందుమాటలుండడం మామూలే, వాటిలో ముగింపు కూడా చెప్పేసేవాళ్ళున్నారు. 30వ పేజీ దగ్గర ఆగి మూడు సంగతులు రాసుకోండి: కథ ఎవరు చెబుతున్నారు, ఏం తెలుసుకోవాలని పేజీ తిప్పుతున్నారు, ఇప్పటిదాకా కళ్ళకి కట్టిన దృశ్యం ఏది.

అక్కణ్ణించి అధ్యాయానికి ఒక్క వాక్యం చొప్పున రాయండి. ఎవరు, ఎక్కడ, ఎంత కాలం గడిచింది, ఏం మారింది. "తండ్రి, పొలం గట్టు, ఒక సాయంత్రం, అప్పు సంగతి కూతురికి తెలిసింది" అంటే సరిపోతుంది. వరసగా మూడు అధ్యాయాల్లో "ఏం మారింది" అన్నచోట రాయడానికేమీ దొరక్కపోతే, పుస్తకం మీ చేతిలో బరువెక్కింది అక్కడే. ఇప్పుడు మీ రాతప్రతికీ ఇదే పట్టిక వేయండి. పాతిక అధ్యాయాల నవలకి పాతిక వాక్యాలు, ఒక పూట పని. ఎక్కడ కథ నిలబడిపోయిందో ఇంత తేటగా చూపించే పద్ధతి ఇంకోటి లేదు.

నచ్చిన వాక్యాలు ఎత్తి రాసుకుంటే కొటేషన్ గుర్తులు, పుస్తకం పేరు, పేజీ నంబరు తప్పనిసరి. వేరే రంగు ఇంకైతే మరీ మంచిది. ఆరు నెలల తర్వాత నోటుబుక్ తిరగేస్తే ఏది మీదో ఏది వాళ్ళదో గుర్తుండదు. అనుకోకుండా జరిగే కాపీ చాలావరకు ఇక్కడే పుడుతుంది.

ఇక ఇతరులకి చెప్పడం. పూర్తిచేసిన రెండు రోజుల తర్వాత, పుస్తకం తెరవకుండా గుర్తున్నది ముందు రాయండి. 100 నుంచి 150 మాటలు చాలు. "ఆద్యంతం చదివించే అద్భుతమైన నవల" అన్న వాక్యాన్ని ఏ పుస్తకానికైనా అతికించొచ్చు కాబట్టి అది దేనికీ పనికిరాదు. ఒక ఊహా నవల గురించి ఇలా రాయొచ్చు: "190 పేజీలు. ఊరి చెరువు వేలం చుట్టూ ఇద్దరు అన్నదమ్ముల పోరు. మొదటి 40 పేజీల్లో పేర్లు ఎక్కువ, ఓపిక పట్టాలి. వదినా మరుదుల సంభాషణలు వాడిగా ఉన్నాయి. పసిబిడ్డ చావు ఉంది. పల్లె రాజకీయం ఇష్టపడేవాళ్ళకి నచ్చుతుంది, వేగంగా సాగే కథ కావాలంటే ఇది కాదు."

దాని కింద ప్రచురణకర్త పేరు, ధర, లోపలి పేజీలో "ప్రతులకు" అని వేసిన వివరం చేర్చండి. తెలుగులో చాలా నవలలు 500, 1000 కాపీలే వేస్తారు, ప్రతి ఊళ్ళోనూ దొరకవు. ఎక్కడ దొరుకుతుందో చెప్పకపోతే చదవాలన్న ఆసక్తి అక్కడికక్కడే ఆరిపోతుంది. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడది జనవరిలో జరుగుతుంటాయి. ఆ సందడిలో మరుగున పడిన పుస్తకం గురించి మార్చిలో రాస్తే రచయితకి ఎక్కువ మేలు.

రచయిత స్నేహితుడైనా, మీ ప్రచురణకర్తే వేసిన పుస్తకమైనా మొదటి వాక్యంలోనే చెప్పేయండి. సంతకం చేసి ఇచ్చిన కాపీ నచ్చకపోతే పొగడాల్సిన పని లేదు. ఎక్కడ ఆగిపోయారో పేజీ నంబరుతో సహా రచయితకి విడిగా చెప్పండి. ఇంకొకరి పుస్తకం గురించి రాసేచోట మీ నవల ప్రస్తావన తేవద్దు.

ఎవరికి ఏ పుస్తకం చెప్పారో నోటుబుక్ చివరి పేజీల్లో రాసుకుని, నెల తర్వాత అడగండి. "బాగుందా?" అని కాదు, "ఎక్కడిదాకా వచ్చింది?" అని. వాళ్ళు చెప్పిన పేజీ నంబరు మీ పట్టికలో ఏ అధ్యాయం దగ్గర పడుతుందో చూడండి.