పాత టేపుల డిజిటైజేషన్: ఎక్కడ చెడిందో కనిపెట్టడం, సరిచేయడం

హరికథలు, బుర్రకథలు, ఊరి జాతరలో మోగిన డప్పులు, పెళ్లిలో అమ్మమ్మ పాడిన మంగళహారతి... వీటిలో చాలావాటికి మిగిలిన ఒకే ఒక్క ప్రతి ఏ బీరువా అడుగునో ఉన్న క్యాసెట్టే. ఒకపక్క టేపు పాడవుతోంది, ఇంకోపక్క దాన్ని వినిపించే డెక్కులు, విడిభాగాలు, బాగుచేసే మెకానిక్కులు కరువవుతున్నారు. అయస్కాంత టేపులకు 2025ను గడువుగా పెట్టుకోవాలని ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ 2015లోనే హెచ్చరించింది. అందుకే వందల టేపులున్నవాళ్లు స్క్రిప్టులు (పనిని వరసగా చేసిపెట్టే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాములు) రాసుకుని పని చకచకా సాగించాలనుకోవడం సబబే. నేను చెప్పేది ఒకటే: ప్లే నొక్కేదాకా మనిషి చూడాలి, నొక్కాక వచ్చే లెక్కలన్నీ స్క్రిప్టు చూడాలి. ఇవి తారుమారైనప్పుడే కింది తిప్పల్లో చాలావరకు వస్తాయి.

టేపు చుట్ట మీద తెల్లటి పొడి, ముక్కిన వాసన

అది బూజు. కోస్తా జిల్లాల్లో, వాననీరు దిగిన ఇళ్లలో మామూలే. ఆ టేపును డెక్కులో పెట్టకండి. ఒక్కసారి ప్లే చేస్తే బూజు హెడ్డుకు (టేపు మీది శబ్దాన్ని చదివే భాగానికి), పించ్ రోలర్‌కు (టేపును లాగే రబ్బరు చక్రానికి) అంటుకుని ఆ తర్వాత పెట్టిన ప్రతి టేపుకూ ఎక్కుతుంది. వరసగా టేపులు నడిపే చోట నష్టం పదింతలు. ఆ క్యాసెట్‌ను విడిగా తీసి, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో బాగా ఆరనివ్వండి. బూజు పొడిపొడి అయ్యాక మాస్కు పెట్టుకుని, ఇంటి బయట, మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. ఎండలో మాత్రం పెట్టొద్దు, టేపు వంకర తిరుగుతుంది.

రీలు కీచుమంటూ ఆగిపోతోంది, హెడ్డు మీద గోధుమరంగు జిగురు

వెంటనే ఆపేయండి. 1970, 80ల నాటి కొన్ని రకాల రీళ్లలో అయస్కాంత పొడిని పట్టి ఉంచే బైండర్ గాలిలోని తేమ పీల్చి జిగురుగా మారుతుంది. 50 నుంచి 55 డిగ్రీల నిలకడైన వేడిలో గంటల తరబడి ఉంచితే కొన్ని వారాలపాటు మళ్లీ నడుస్తుంది. ఆ వ్యవధిలోనే రికార్డు చేసుకోవాలి. ఇది ఇంట్లో ఓవెన్‌తో చేసే పని కాదు, ఉష్ణోగ్రత కచ్చితంగా నిలిపే ప్రయోగశాల పెట్టె కావాలి. అంతకన్నా ముందు రీలును దీపానికి అడ్డంగా పట్టి చూడండి. చుట్టలోంచి వెలుతురు కనిపిస్తే అది ఎసిటేట్ టేపు, దానికి వేడి అస్సలు తగలకూడదు.

క్యాసెట్టు కీచుమంటే కథ వేరు. ముందు డొల్ల (టేపు చుట్టూ ఉండే ప్లాస్టిక్ పెట్టె) మార్చి చూడండి. మరలతో ఊడే కొత్త డొల్లలోకి టేపును మార్చితే, ఊడిపోయిన ప్రెషర్ ప్యాడ్ (టేపును హెడ్డుకు ఆనించే మెత్త) సమస్య కూడా దాంతోపాటే తీరుతుంది.

గొంతు దుప్పటి కప్పినట్టు వినిపిస్తోంది

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే సమస్య, అన్నిటికన్నా ఎక్కువగా వదిలేసే సమస్య కూడా ఇదే. టేపు పాతదైపోయింది, ఇంతే వస్తుంది అనుకుని సరిపెట్టుకుంటారు. చాలాసార్లు తప్పు టేపుది కాదు.

మొదట హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. పుల్ల తెల్లగా తిరిగివచ్చేదాకా తుడవాలి. తర్వాత డాల్బీ (టేపు బుస తగ్గించే పద్ధతి) మీట చూడండి. డాల్బీ లేకుండా రికార్డు చేసిన టేపును డాల్బీ వేసి ప్లే చేస్తే పైస్థాయి శబ్దాలు అణగిపోతాయి. ఊళ్లలో మామూలు టేప్ రికార్డర్‌తో చేసినవాటికి డాల్బీ ఉండదు.

ఈ రెండూ సరిగా ఉంటే మిగిలింది అజిముత్, అంటే హెడ్డు నిలబడే కోణం. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లే. రికార్డు చేసిన మిషన్ హెడ్డుకూ మీ డెక్కు హెడ్డుకూ కోణంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ‘స’, ‘చ’ లాంటి అక్షరాల పదును పోతుంది. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న మర కనిపిస్తుంది. దాని అసలు స్థానాన్ని ముందుగా పెన్నుతో గుర్తు పెట్టుకోండి. అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవర్ తీసుకుని, ఎడమ కుడి చానళ్లను కలిపి మోనోలో వింటూ, ఇటు పావు అటు పావు తిప్పండి. ఒకచోట తాళాల గలగల ఉన్నట్టుండి విచ్చుకుంటుంది. అక్కడ ఆపండి. రెండో వైపు వేసినప్పుడు మళ్లీ వినాలి, అది వేరే మిషన్ మీద ఎక్కించింది కావచ్చు.

ఇది తప్పు కోణంలో డిజిటైజ్ అయితే తర్వాత ఈక్వలైజర్‌తో ట్రెబుల్ ఎంత పెంచినా పెరిగేది బుసబుసే. స్క్రిప్టు ఇక్కడ చేయగలిగిన మేలు ఒకటుంది: ప్రతి ఫైల్లో 8 కిలోహెర్ట్జ్ పైన శక్తి ఎంతుందో కొలిచి, మరీ తక్కువ ఉన్నవాటిని ‘మళ్లీ వినాలి’ అనే జాబితాలో వేయించండి.

గొంతు సన్నబడి పరుగెడుతోంది, లేదా బరువెక్కి సాగుతోంది

ముందు 3,150 హెర్ట్జ్ టోన్ ఉన్న టెస్ట్ క్యాసెట్‌తో మీ డెక్కు వేగం చూడండి. తేడా ఉంటే బెల్టు మార్చాలి, మోటారు వేగం సరిచేయాలి. డెక్కు బాగానే ఉందంటే లోపం రికార్డింగులోనే ఉంది. బ్యాటరీలు నీరసించిన టేప్ రికార్డర్‌లో టేపు మెల్లగా కదిలి ఉంటుంది, అందుకే ఇప్పుడు వేగంగా వినిపిస్తోంది. రాత్రి పొడుగునా సాగిన కథల్లో చివరికి వచ్చేసరికి శ్రుతి పైకి పాకడానికి కారణం ఇదే.

రికార్డింగులోని కరెంటు హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్ శబ్దం) 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి కదా, దాన్నిబట్టి వేగం సరిచేద్దాం అని కొందరు స్క్రిప్టు రాస్తారు. ఆలోచన మంచిదే. కానీ 1990లలో మన గ్రిడ్లో ఫ్రీక్వెన్సీ 50 మీద నిలిచేది కాదు, తరచూ 49 కిందికి జారేది. అందుకని హమ్మును సాక్షిగా తీసుకోండి, తీర్పు మాత్రం హార్మోనియం మెట్ల శ్రుతిని బట్టి చెవే చెప్పాలి. సవరణ వినే ప్రతిలో చేసి, మాస్టర్‌ను (మొదట తీసిన అసలు ఫైలును) డెక్కు ఇచ్చినట్టే ఉంచండి.

స్క్రిప్టు కథను ముక్కలు చేసింది, లేదా టేపు అయిపోయినా ఆగలేదు

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఆడియో, వీడియో ప్రోగ్రాంలో నిశ్శబ్దాన్ని గుర్తించే సైలెన్స్‌డిటెక్ట్ మామూలుగా మైనస్ 60 డెసిబెల్స్ కిందికి పోయి 2 సెకన్లు దాటితేనే నిశ్శబ్దం అంటుంది. క్యాసెట్ బుసే అంతకన్నా పైన ఉంటుంది, అందుకే ఆగదు. విసిగిపోయి హద్దును బాగా పైకి జరిపితే, భాగవతార్ ఒక్క క్షణం ఊపిరి బిగపట్టినచోట కోసేస్తుంది. ప్రతి టేపులో ఏమీ రికార్డు కాని మొదటి కొన్ని సెకన్ల బుసను కొలిచి, దానికి కాస్త పైన హద్దు పెట్టించండి. మాస్టర్‌ను మాత్రం కోయకండి. ఎక్కడ కోయాలో సమయాలు వేరే ఫైల్లో రాయిస్తే చాలు.

నిడివి కూడా స్క్రిప్టే చూడాలి. సీ-60 క్యాసెట్ ఒక వైపు 30 నిమిషాలు, సీ-90 అయితే 45. ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఉండటం సహజం. 26 నిమిషాల దగ్గరే ఫైలు ముగిస్తే టేపు ఎక్కడో చుట్టుకుపోయిందని అనుమానించాలి.

నాయిస్ తీయించాక శ్రుతి మాయమైంది

నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ మార్పు లేకుండా మోగేదాన్ని రొదగా లెక్కగడుతుంది. తంబురా, శ్రుతిపెట్టె మోగేది అలాగే. కాబట్టి ఆ మెట్టును ఆటోమేషన్‌లోంచి తీసేయండి. మాస్టర్ 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా, ఏ మెరుగులూ లేకుండా ఉండాలి.

రెండు గంటలు దాటిన రీలు ఫైల్లో చివరి భాగం ప్లే కావడం లేదు

24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ లెక్కన స్టీరియో గంటకు 2 జీబీకి కొంచెం పైన. మామూలు వేవ్ ఫైలు హెడర్ 4 జీబీ దాకానే లెక్క రాయగలదు. క్యాప్చర్‌ను (రికార్డయ్యే ఫైలును) ఆర్‌ఎఫ్64 (4 జీబీ దాటినా లెక్క రాయగల వేవ్ ఫైలు రకం) రూపంలో పెట్టించండి.

వీహెచ్‌ఎస్ వీడియోలో పెదవులొకచోట, మాట ఒకచోట

పాడైన సింక్ సిగ్నల్ (ఫ్రేముల వేళను చెప్పే సంకేతం) వల్ల క్యాప్చర్ పరికరం ఫ్రేములు వదిలేస్తోంది, ఆడియో మాత్రం నడిచిపోతోంది. డెక్కుకూ పరికరానికీ మధ్య టైమ్ బేస్ కరెక్టర్ (ఆ సంకేతాన్ని సరిచేసే పరికరం) పెట్టాలి. మన దేశంలో వాడిన పాల్ వీడియో పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, గంటకు 90,000. వచ్చిన ఫ్రేముల లెక్కను ఆడియో నిడివితో స్క్రిప్టు పోల్చి చూస్తే తేడా వెంటనే బయటపడుతుంది. అమెరికాలోని బంధువులు పంపిన టేపు బొమ్మ దొర్లుతుంటే అది ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వీడియో పద్ధతి), దానికి ఆ పద్ధతి తెలిసిన డెక్కే కావాలి.

కాపీ చేశాక చెక్‌సమ్ ‘ఫైలు లేదు’ అంటోంది, ఫైలేమో కళ్లెదుటే ఉంది

చెక్‌సమ్ అంటే ఫైలు మారిందో లేదో పట్టిచ్చే అంకెల ముద్ర. తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టుకున్నవాళ్లకు వచ్చే ప్రత్యేకమైన చిక్కు ఇది. ఐత్వాన్ని యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతిలో) ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వానికి మరో గుర్తు తగిలించి రెండుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ డిస్కుల ఫైల్ వ్యవస్థ రెండుగా విడగొట్టి దాచుకుంటుంది. విండోస్, లినక్స్‌లలో టైపు చేసినది సాధారణంగా ఒకటిగానే ఉంటుంది. దాంతో ‘హైదరాబాద్’ అనే పేరు రెండు చోట్లా ఒకేలా కనిపిస్తూనే కంప్యూటర్‌కు రెండు వేర్వేరు పేర్లవుతుంది. పొల్లు తర్వాత కీబోర్డు చొప్పించే కంటికి కనిపించని జీరో విడ్త్ గుర్తుదీ ఇదే తంతు.

ఇంకొకటి, లినక్స్ డిస్కుల్లో పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. కంటికి నాలుగక్షరాలుగా కనిపించే ‘హార్మోనియం’ 30 బైట్లు తినేస్తుంది. నటుల పేర్లు, ఊరు, తేదీ అన్నీ ఫైలు పేరులో కుక్కితే కాపీ మధ్యలో ఆగిపోతుంది.

పరిష్కారం: ఫైలుకు అంకెల గుర్తింపు మాత్రమే ఇవ్వండి, అదే అంకె క్యాసెట్ మీదా అంటించండి. తెలుగు వివరాలన్నీ పట్టికలో ఉండాలి. ఆ పట్టికను సేవ్ చేసేముందు యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఐత్వం ఒకే గుర్తుగా ఉండే రూపంలోకి) మార్పించండి.

చెక్‌సమ్ ఎప్పుడు తీశారన్నదీ ముఖ్యమే. క్యాప్చర్ ముగిసిన కంప్యూటర్‌లోనే, కాపీకి ముందే తీయాలి. కాపీ అయ్యాక తీస్తే చెడిపోయిన ఫైలుకే ‘సరిగ్గా ఉంది’ అని ముద్ర వేసినట్టవుతుంది.

నెలలు గడిచాక ఒక ఫైలు చెక్‌సమ్ మారిపోయింది

డిస్కు పాడవుతూ ఉండొచ్చు. ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకండి, ఫైలును చెరపకండి. మూడు ప్రతులు ఉంచుకుని, అందులో ఒకటి వేరే ఊళ్లో పెట్టుకోమనేది ఈ రోజు కోసమే. మిగతా రెండిట్లో చెక్‌సమ్ సరిపోయిన ప్రతి నుంచి కొత్త డిస్కుకు కాపీ చేసి, అక్కడ మళ్లీ సరిచూసి, ఆ తర్వాతే పాత డిస్కును పక్కన పెట్టండి. నెలకోసారి మూడు ప్రతులనూ చదివి పోల్చే ఈ పనిని పూర్తిగా స్క్రిప్టుకే అప్పగించవచ్చు. తేడా వస్తే ఒకరికి కాదు, కనీసం ఇద్దరికి మెసేజ్ వెళ్లేలా పెట్టండి.