బొనైర్‌లో ఒడ్డు నుంచే డైవింగ్

పడవ కోసం ఎదురుచూడకుండా, మన వీలును బట్టి గాలి సిలిండర్‌తో సముద్రంలో దిగాలంటే కరీబియన్ సముద్రంలోని బొనైర్ దీవికి వెళ్ళండి. నేను హ్యూస్టన్ నుంచి వెళ్ళాను. అక్కడ చెల్లేది అమెరికా డాలరే.

ముందు పికప్ ట్రక్కు అద్దెకు తీసుకోండి. మెరైన్ పార్కు రుసుము కట్టి, మొదటి డైవ్‌ను పరిచయ డైవ్‌గా (అక్కడి నీటికీ, మన సామగ్రికీ అలవాటు పడేందుకు) చెయ్యాలి. అది అక్కడి నియమం. గ్లవ్స్ నిషేధం. చేతులకు రక్షణ ఉంటే పగడాన్ని పట్టుకోవాలనిపిస్తుంది కదా, ఆ నియమం నాకు చాలా నచ్చింది.

రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్ళమీద డైవ్ స్థలాల పేర్లుంటాయి. ట్రక్కు ఆపి, విలువైనవేవీ లోపల ఉంచకుండా దిగండి. అసలు కష్టం ఒడ్డు దగ్గరే. రాళ్ళు గరుకు, పైన నాచు జారుడు. గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి. ఫిన్స్ (పాదాలకు తొడుక్కునే ఈత రెక్కలు) చేత్తో పట్టుకుని, నడుము లోతు నీళ్ళొచ్చాక తొడుక్కోండి. మొదట ప్రవాహానికి ఎదురు ఈదండి, అలిసిపోయాక తిరుగుదారిలో అదే మోసుకొస్తుంది. 'వెయ్యి మెట్లు' అనే చోట ఉన్నవి డెబ్బై దాకానే, కానీ సిలిండర్ వీపున వేసుకుని ఎక్కేటప్పుడు తొందరపడకండి, మధ్యలో ఆగండి.

1984లో మునిగిన హిల్మా హుకర్ ఓడ సుమారు 30 మీటర్ల లోతున పక్కకు ఒరిగి ఉంది. అడ్వాన్స్‌డ్ శిక్షణ లేకుండా అంత లోతుకు వెళ్ళకండి.

డైవ్ చేసిన వెంటనే విమానమెక్కడం ఒంటికి ప్రమాదం కాబట్టి, చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య నేను పూర్తిగా ఒక రోజు వదిలాను. మీరూ వదలండి.