పనిచోట గొడవలు, 4వ పాఠం: ‘ఎందుకు’ అని అడగొద్దు

అవతలివాళ్ల పట్టుదల వెనకున్న అవసరాన్ని పట్టుకోమని పోయిన పాఠంలో రాశాను. చాలామంది నేరుగా వెళ్లి "నీకెందుకు కావాలి?" అని అడిగి గొడవ పెద్దది చేసుకున్నారు. ఏ మాటతో అడగాలో నేను చెప్పి ఉండాల్సింది.

మన దగ్గర ‘ఎందుకు’ చాలాసార్లు నిలదీత. "ఎందుకు లేటయ్యావు?" "ఎందుకు చెప్పలేదు?" ఆ మాట వెంట తిట్టు వస్తుందని చిన్నప్పటి నుంచీ తెలుసు. మెదడులో బాదంగింజ ఆకారంలో అమిగ్డాలా ఉంటుంది, ప్రమాదాన్ని పసిగట్టడం దాని పని. గట్టిగా అడిగిన ‘ఎందుకు’ చెవిన పడితే, నుదుటి వెనక భాగం ఆలోచించేలోపే అది ఒంటిని పోట్లాటకు సిద్ధం చేస్తుంది. అడ్రినలిన్ అనే హార్మోన్ క్షణాల్లో ఎక్కుతుంది. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ మాత్రం 20-30 నిమిషాలకు బాగా పెరుగుతుంది. అందుకే అరిచిన ఐదు నిమిషాలకే కూర్చోబెట్టి మాట్లాడించొద్దు. టీ తాగి రానివ్వండి.

గాజువాక ఆటోనగర్‌లో నేను పనిచేసిన ఒక షెడ్డులో క్రేన్ ఒక్కటే. పదింటికి ఇద్దరు సూపర్‌వైజర్లకూ అదే కావాలి. మేనేజర్ చెరో అరగంట ఇచ్చారు. లారీ సగం లోడుతో ఆగింది, రెండో ఆయన ఇనప ప్లేటుకు స్లింగులు (ఎత్తే తాళ్లు) కట్టేసరికే టైమైపోయింది.

సగం సగం పంచి దాన్ని సహకారం అంటే నాకు ఒళ్లు మండుతుంది. మేనేజ్‌మెంట్ గురించి రాసిన అమెరికన్ రచయిత్రి మేరీ పార్కర్ ఫాలెట్ 1925లో ఒక సంగతి చెప్పారు. హార్వర్డ్ లైబ్రరీలో చిన్న గది. ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఫాలెట్ మూయాలన్నారు. చివరికి ఎవరూ లేని పక్క గదిలో కిటికీ తెరిచారు. వాళ్లకు గాలి కావాలి, ఆమెకు ఉత్తరపు గాలి సూటిగా తగలకూడదు, అంతే. సగం తెరిచి ఉంటే వాళ్లకు గాలి చాలదు, ఈమెకు చలి తప్పదు. ఇద్దరూ ఓడిపోయి "సర్దుకున్నాం" అనుకునేవారు.

మా షెడ్డులో మర్నాడు పెద్ద ఫిట్టర్ ఒకాయన క్రేన్ కిందే నిలబడి అడిగారు: "బాబూ, పదింటికి ఇది దొరక్కపోతే నీకేటి ఆగిపోద్ది?" ఒకరికి లారీ. రెండో ఆయనకు ప్లేటు ఒక్కసారి తిరగేస్తే చాలు, అవతలి వైపు వెల్డింగ్ మొదలుపెట్టొచ్చు. దానికి చేత్తో గొలుసు లాగి ఎత్తే చైన్ పుల్లీ సరిపోతుంది, అది స్టోర్లో ఖాళీగానే ఉంది.

కాబట్టి "దొరక్కపోతే ఏం ఆగిపోతుంది?" అని అడగండి. ఎదురెదురుగా కూర్చుని కాదు, పక్కపక్కన నిలబడి, పని వైపు చూస్తూ. వాట్సాప్‌లో అసలే వద్దు.

అభ్యాసం: ఒక షిఫ్టు మొత్తం ‘ఎందుకు’ అనకండి. నోరు జారినప్పుడల్లా కాగితం మీద గీత పెట్టండి. తర్వాత, నడుస్తున్న గొడవ ఒకటి తీసుకుని అవతలి మనిషి ఇబ్బందిని ఒక్క వాక్యంలో ఆయనకే చెప్పండి. "అవును, అదే" అని ఆయన అనేదాకా వాక్యం మారుస్తూనే ఉండండి. వారం పట్టినా సరే, ఐదో పాఠం ఆ తర్వాతే తెరవండి.