చేతిలో ఉన్నది – 4వ పాఠం: తలాంతు అంటే టాలెంట్ కాదు

ఈ నెల అసలు 'దేవుడిచ్చిన వరాన్ని సాన పట్టుకోవడం ఎలా' అన్నది చెప్పాలి. అది వచ్చే నెలకి పోయింది. పోయిన నెల నేను పెట్టిన హోంవర్క్ వల్ల చిత్తూరులో మా సంఘంలో మైకు దగ్గర ఒక గొడవ, ఒకరింట్లో ఇంకో గొడవ జరిగాయి. ముందు వాటి సంగతి చూడాలి.

'దేవుడు మీకిచ్చిన సామర్థ్యాలు మూడు రాయండి, ఒకటి ఆదివారంలోపు సంఘంలో వాడండి' అన్నాను. పదిహేడు కాగితాలు వచ్చాయి. పదకొండింటిలో మొదటి మాట 'పాటలు పాడటం'. మరో నాలుగింటిలో 'వాక్యం చెప్పడం'. ఆ ఆదివారం స్పెషల్ సాంగ్‌కి ఏడుగురు లేచారు. నా ముందు నువ్వెట్లా లేస్తావని ఇద్దరు మాటామాటా అనుకున్నారు. ఆరాధన ఒంటిగంటన్నర దాకా సాగింది. పాస్టర్‌గారు నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

తిరుపతి హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఒకడు కీబోర్డు, సండేస్కూలు, ప్రొజెక్టరు, యూత్ మీటింగు నాలుగూ నెత్తినేసుకున్నాడు. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి రావడం, సోమవారం తెల్లారి పోవడం. ఇంటర్నల్స్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "మీ పాఠం బాగానే ఉందన్నా, వాని ఫీజు గూడా మీరే కడతారా?" అంది. ఏం చెప్పను? బైబిల్లో ఇశ్రాయేలీయుల నాయకుడు మోషే పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతూ కూర్చుంటే, మామ యిత్రో వచ్చి 'ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు' అన్నాడు (నిర్గమ 18). ఈ అమ్మ అన్నదీ అదే. ఆ కుర్రాడికి ఈ ఏడాది దేవుడు అప్పగించిన పని చదువు. కీబోర్డు ఒక్కటి ఉంచుకో, మిగతావి దించెయ్యి అన్నాను.

'ఆదివారంలోపు', 'సంఘంలో' అన్న రెండు మాటలూ రాసింది నేనే కాబట్టి తప్పు నాదే. 'సంఘంలో' అనగానే అందరి కళ్ళూ మైకు మీద పడ్డాయి.

ప్రార్థన చేసి మొదలుపెట్టాలని మీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. కృపావరాల (దేవుడు ఉచితంగా ఇచ్చే వరాల) జాబితాలు రోమా 12లో, 1 కొరింథీ 12లో ఉన్నాయి, చదువుకోండి.

ఇక నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. మత్తయి 25లో యేసు చెప్పిన ఒక ఉపమానం ఉంది: యజమాని ప్రయాణమై పోతూ ముగ్గురు దాసులకి ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగిస్తాడు. మొదటి ఇద్దరూ వాటిని రెట్టింపు చేస్తారు, మూడోవాడు పాతిపెడతాడు. తిరిగొచ్చి యజమాని లెక్క అడుగుతాడు. మత్తయి 25 తెరవగానే మనవాళ్ళు తలాంతుని 'టాలెంట్' చేసేస్తారు. "నాకు ఒక్క తలాంతే, ఆయనకి ఐదు" అని నిట్టూరుస్తారు. అయ్యా, తలాంతు అంటే పాట కాదు, ప్రసంగం కాదు. అది ఒక తూకం, ఆ తూకం డబ్బు. ఇంగ్లీషులో టాలెంట్‌కి 'నేర్పు' అనే అర్థం వచ్చిందే ఈ ఉపమానం నుంచి. ఆ అర్థాన్ని పట్టుకొచ్చి మళ్ళీ ఉపమానానికే తగిలించడం మనవరాలి పోలిక అమ్మమ్మకి వచ్చిందన్నట్టు ఉంటుంది.

15వ వచనం నిదానంగా చదవండి. 'యెవని సామర్థ్యము చొప్పున వానికి' ఇచ్చాడు. అంటే సామర్థ్యం ముందే ఉంది, దాన్ని చూసి తలాంతులు అప్పగించాడు. రెండూ ఒకటే అయితే 'సామర్థ్యాన్ని బట్టి సామర్థ్యం ఇచ్చాడు' అని చదవాలి. లోను ఇచ్చే ముందు బ్యాంకువాళ్ళు మనిషి స్తోమత చూస్తారు. స్తోమత వేరు, లోను వేరు. సామర్థ్యమూ దేవుడిచ్చిందే, కాదనను. కానీ ఈ కథలో లెక్క అడిగింది చేతికి అప్పగించిన సొమ్ముకి.

ఎంత సొమ్ము? ఒక తలాంతు 6,000 దేనారాలు. దేనారం ఒక రోజు కూలి (మత్తయి 20 చూడండి). ఏడాదికి 300 పనిదినాలు వేసుకుంటే ఇరవై ఏళ్ళ కూలి. మన మామిడి తోటల్లో కాయలు కోసే మనిషికి రోజుకి 500 అనుకోండి, ఒక తలాంతు 30 లక్షలు. ఐదు తలాంతులంటే కోటిన్నర. పాపం ఒక్క తలాంతువాడు అని మనం జాలిపడే ఆ మనిషి చేతిలో 30 లక్షలున్నాయి!

వాడు అందులో పైసా తినలేదు. లంకెబిందెలు పాతిపెట్టినట్టు భూమిలో భద్రంగా దాచాడు. ఆ రోజుల్లో అది తెలివైన పనే. 'ఇదిగో నీది నీవు తీసికొనుము' అని మొత్తం తిరిగిచ్చాడు. నేను ముప్పై ఏళ్ళు క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. సాయంత్రానికి క్యాష్ టాలీ అయితే చాలు, నిశ్చింతగా ఇంటికి పోయేవాళ్ళం. ఈ దాసుడి క్యాష్ కూడా టాలీ అయింది. అయినా యజమాని 'సోమరివైన చెడ్డ దాసుడా' అన్నాడు. అది చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంకొకటి. 21, 23 వచనాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఐదు సంపాదించినవాడికీ రెండు సంపాదించినవాడికీ మెప్పు ఒకటే, మాట కూడా మారలేదు.

ఇప్పుడు పదిహేడో కాగితం. పాలు పోసే ఒక అక్క తెచ్చింది. నాలుగు మడతలు పెట్టి, పాల పుస్తకంతో కలిపి ప్లాస్టిక్ కవర్లో చుట్టింది. కాగితంలో ఒకటే లైను: 'నాకేమీ రాదు.' పాల పుస్తకం తిరగేశాను. తేదీ, పొద్దున, సాయంత్రం, లీటర్లు, ఫ్యాట్. వెనక పేజీల్లో మరో నాలుగు పేర్ల కింద అవే గడులు, ఒక్క పూట కూడా ఖాళీ లేకుండా.

"ఇవెవరివి?"

"మా వీధోళ్ళవన్నా. వాళ్ళకి రాసేది రాదు గదా. నేనే రాసి పెడతా."

ఒక గడిలో ఫ్యాట్ అంకె కొట్టేసి పక్కన ఇంకోటి రాసి ఉంది. పాల సెంటర్లో ఒక ముసలామె పాలకి ఫ్యాట్ (వెన్న శాతం) రీడింగు తప్పుగా వేస్తే ఈ అక్క మళ్ళీ చూపించమని నిలబడిందట. ఆ ముసలామె ఆ అక్కకి తలాంతు. చదువు ఆమె సామర్థ్యం. 'ఏమీ రాదు' అని రాసింది కూడా ఆ చదువుతోనే!

నైపుణ్యం కోసం దేవుడు తన ఆత్మతో నింపానని పేరు పెట్టి చెప్పిన మొదటి మనిషి బెసలేలు. ఆయన ప్రవక్త కాదు, యాజకుడు కాదు. బంగారం, వెండి, ఇత్తడి, చెక్క పని చేసేవాడు. నిర్గమ 35:34లో ఇతరులకి నేర్పే బుద్ధి కూడా దేవుడే పుట్టించాడని ఉంది. మనవాళ్ళు ఇక్కడ ఆగరు. పని వచ్చినవాడు కిటుకు చెప్పడు, వంటావిడ పొడి కొలత చెప్పదు. నేనూ అంతే. సండేస్కూలు పదకొండేళ్ళు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చికున్‌గున్యా వచ్చి నెల పడుకుంటే ఆ నెలంతా క్లాసు లేదు.

మన పక్కనే ఉన్న వేలూరులో అమెరికన్ మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ 1900లో ఒకే మంచంతో వైద్యం మొదలుపెట్టారు. మనవాళ్ళు ఆ కథ విని 'ఆవిడ వేరులే' అని ఇంటికి పోతారు, అందుకే నేను ఎక్కువ చెప్పను. ఒకటి మాత్రం చూడండి. 1909లో నర్సుల స్కూలు, 1918లో ఆడవాళ్ళకి మెడికల్ స్కూలు పెట్టారు. తన చేతిలో ఉన్న పనిని పదిమంది చేతుల్లో పెట్టారు.

అభ్యాసం: ఈసారి కొంచెం కష్టం. పాల పుస్తకంలాంటిది ఒకటి కొనండి. ఫోన్లో రాస్తే నేను చూడను. పద్నాలుగు రోజులు, రోజుకి రెండు పూటలు, మూడు గడులు: ఈ పూట నా చేతికి ఏం వచ్చింది (మనిషి, సమయం, డబ్బు, పని), దానితో ఏం చేశాను, దేన్ని పాతిపెట్టాను. మూడో గడి ఖాళీగా ఉన్న పుస్తకం తిప్పి పంపిస్తాను. మొదటి ఏడు రోజులు 'సంఘం', 'పాట', 'మైకు' అన్న మాటలు కనపడకూడదు. రెండో వారంలో మీకు వచ్చిన పని ఒకటి, ఇంట్లోవాళ్ళు కాని ఒకరికి, వాళ్ళంతట వాళ్ళు చేసేదాకా నేర్పాలి.

ఇదంతా చెబితే ఆ అక్క, "సెంటర్లో గొడవ పడినాను గదా, అది గూడా రాయల్నా?" అని అడిగింది. మొదటి లైనులో అదే రాయమన్నాను.