మంచం దిగకముందే మడమకు చేయాల్సిన పని

విజయవాడలో ఒక చీరల షాపులో పద్దెనిమిదేళ్లుగా సేల్స్‌లో ఉన్నాను. శ్రావణమాసం, పెళ్లిళ్ల సీజన్ వస్తే రోజుకు పది పన్నెండు గంటలు నిలబడే ఉంటాం. చీరలు పరిచే తెల్ల పరుపు ఎక్కాలి కాబట్టి కాళ్లకు చెప్పులుండవు. దిగితే మార్బుల్. రెండేళ్ల కిందట ఓ పొద్దున మంచం దిగి కుడికాలు నేల మీద పెట్టగానే మడమలో మేకు దిగినట్టయింది. గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్లేసరికి కాస్త సర్దుకుంది. టిఫిన్ టైముకి మామూలే. బస్సులో అరగంట కూర్చుని దిగితే మళ్లీ మేకు.

ఈ వరస గుర్తుపట్టాలి. లేవగానే మొదటి అడుగుల్లో ఎక్కువ, నాలుగడుగులు వేస్తే తగ్గడం, కూర్చుని లేస్తే మళ్లీ రావడం. వేలితో నొక్కితే మడమ అడుగున, కాస్త లోపలివైపు పట్టిచ్చినట్టు నొప్పి. ఇలా ఉంటే చాలావరకు అది ప్లాంటార్ ఫాషియైటిస్. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. నిలబడి నిలబడి అది దెబ్బతింటుంది. నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పట్టీ బిగుసుకుంటుంది. పొద్దున ఒళ్లు బరువంతా వేసి దాన్ని ఒక్కసారిగా లాగుతాం. అందుకే ఆ మేకు.

నాకు ఎక్స్‌రేలో మడమ కింద ముల్లులా కనిపించింది. 'ఎముక పెరిగింది' అనగానే ఇంట్లో గోల. మా అత్తగారైతే పాలు మానేయమన్నారు. అలాంటి ముల్లు ఏ నొప్పీ లేనివాళ్లకూ ఉంటుందని ఎముకల డాక్టర్ చెప్పాకే టెన్షన్ తగ్గింది. మీకూ కనిపిస్తే పాలు మానకండి.

ఇక చేయాల్సింది. కాలు నేల మీద పెట్టకముందే, మంచం మీదే కూర్చుని నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకోండి. వేళ్లు మొత్తం చేత్తో పట్టుకుని పైకి, అంటే మన వైపుకి వంచండి. సరిగ్గా వంచితే అరికాలిలో పట్టీ వీణ తీగలా బిగిసి రెండో చేతికి తగులుతుంది. పది లెక్కపెట్టి వదలండి. అలా పదిసార్లు. రోజుకు మూడు విడతలు చేయాలి, కానీ ఒక్కటే కుదిరితే పొద్దుటిది మానొద్దు. ఇది చేయకుండా పాలవాడు వచ్చాడని ఉరికిన రోజున సాయంత్రం దాకా అనుభవించాను.

రెండోది పిక్కలకు. పిక్క బిగుసుకుంటే మడమ మీద లాగుడు పెరుగుతుంది. గోడకు చేతులు ఆనించి నొప్పి కాలు వెనక్కి పెట్టి, ఆ మోకాలు వంచకుండా, మడమ లేవకుండా, ముందు మోకాలు వంచుతూ గోడ వైపు వాలండి. ముప్పై సెకన్లు, మూడుసార్లు. నేను స్టాక్ రూమ్‌లో చేసేదాన్ని. గోడ పడిపోతోందా అక్కా అని పిల్లలు నవ్వేవాళ్లు.

నొప్పి కాస్త అదుపులోకి వచ్చాక మూడోది. టవల్ చుట్టి వేళ్ల కింద పెట్టుకుని, మెట్టు అంచున నిలబడి రెయిలింగ్ పట్టుకుని, మూడు లెక్కపెడుతూ మడమలు లేపడం, రెండు లెక్కలు ఆపడం, మూడు లెక్కల్లో దించడం. పన్నెండుసార్లు, రోజు విడిచి రోజు. మొదట రెండు కాళ్ల మీద చేసి, అలవాటయ్యాక ఒక్క కాలి మీద. విసుగు పుట్టే పనే, కానీ నా మడమను నిలబెట్టింది ఇదేనని నా నమ్మకం.

రాత్రి ఇంటికొచ్చాక అర లీటరు బాటిల్‌లో గడ్డకట్టిన నీళ్లు. దానికి పల్చటి గుడ్డ చుట్టి, సీరియల్ చూస్తూ అరికాలి కింద పది నిమిషాలు దొర్లించండి.

చెప్పుల సంగతి. రెండు చేతులతో మడిచి చూడండి. మధ్యలో వంగిపోతే వద్దు, వేళ్ల దగ్గర మాత్రమే వంగాలి. మడమ వైపు కాస్త ఎత్తుండాలి. పాదాలు వాచి ఉండే సాయంత్రం పూట కొనండి. ఇంట్లో గచ్చు మీద కూడా వేసుకోవాలి. మా ఇంట్లో దీనికి పెద్ద పంచాయితీ అయింది. బయటకు వాడని జత వేరే కొని, దేవుడి గది ముందు విప్పేస్తానని ఒప్పందం చేసుకున్నాను.

నిలబడే ఉద్యోగాల వాళ్లు అడగాల్సిన ఇంకోటి ఉంది, కుర్చీ. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలివ్వాలని కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం మార్చారు. మా దగ్గర ఏడాది అడిగితే రెండు ప్లాస్టిక్ స్టూళ్లు వచ్చాయి. ఒకదాని మీద ఎప్పుడూ జాకెట్టు ముక్కల కట్ట ఉంటుంది. దించి కూర్చుంటాను.

ఇంజెక్షన్ గురించి అడుగుతారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉండొచ్చు, కానీ ఆ పట్టీ తెగే ప్రమాదం కొంత ఉంది. నేను వద్దనుకున్నాను. నాకు మూడో నెలలో తేడా తెలిసింది, పూర్తిగా పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. చాలామందికి ఏడాదిలోపు ఇంట్లో చేసుకునే ఇలాంటి వాటితోనే తగ్గుతుంది. మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగకండి, కడుపూ కిడ్నీలూ పాడవుతాయి.

అన్ని కాలి నొప్పులూ ఇది కాదు. ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా అయి నొప్పి పుడితే అది రక్తం గడ్డ కావచ్చు, పిసక్కుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దానికి ఆయాసం తోడైతే వెంటనే 108. కొంత దూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే వదిలేస్తుంటే, ముఖ్యంగా సిగరెట్టు, బీడీ అలవాటున్నవాళ్లకు, రక్తనాళాలు చూపించుకోవాలి. అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు అయితే షుగర్, బీ12 పరీక్షలు చేయించండి.

షుగర్ ఉన్నవాళ్లు పైన చెప్పిన ఐసు జోలికి వెళ్లొద్దు. మా కౌంటర్‌లో ఒకావిడ కాళ్లు లాగుతున్నాయని వేడినీళ్లలో పెట్టుకుంది. స్పర్శ తగ్గిపోయి వేడి తెలియలేదు, మర్నాటికి బొబ్బలు. నీళ్లు గోరువెచ్చగానే ఉండాలి, అదీ కాలితో కాకుండా మోచేత్తో చూసుకోవాలి. రోజూ రాత్రి కింద అద్దం పెట్టుకుని అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. పసుపు దట్టంగా రాస్తే చిన్న పుండు కనపడదు, చూశాకే రాసుకోండి. మెట్టెలు బిగుతుగా ఉంటే తీసేయండి. పగుళ్లకు వాజిలిన్ చాలు, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు. ఆనెకాయను బ్లేడుతో కోయొద్దు. ఎక్కడైనా పుండు కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఆగకుండా మర్నాడే చూపించండి.